కడబంతి నుంచి మొదలుపెట్టండి: ఇంటిల్లిపాదీ కలిసి ఫుట్‌పాత్ మీది వాళ్ళకు అన్నం పెట్టడం ఎలా

మా అబ్బాయి ఏడో పుట్టినరోజుకి 60 పులిహోర పొట్లాలు కట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రి ముందు కారు ఆపాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మాకంటే ముందే ముగ్గురు వచ్చి పంచి వెళ్ళారట. అది మాకు తెలీదు. డిక్కీ తెరవగానే ఎక్కడెక్కడి వాళ్ళో చుట్టూ మూగారు, చేతులు లోపలికి వచ్చేశాయి, ఆ తోపులాటలో ఒక పెద్దాయన కింద పడ్డారు. ఐదు నిమిషాల్లో ఒక్కటి తప్ప పొట్లాలన్నీ అయిపోయాయి. సగం పక్కనున్న ఆటో స్టాండుకే పోయాయి (వాళ్ళకూ ఆకలేస్తుంది, కాదనను). మిగిలిన ఒక్క పొట్లం పట్టుకుని గోడవారన పడుకున్న ఒక అవ్వ దగ్గరికి వెళ్తే, విప్పి చూసి, "మళ్ల పులిహోరనే తెచ్చిన్రా బిడ్డా?" అంది. ఆమె పక్కన అప్పటికే రెండు పొట్లాలున్నాయి.

ఇంటికొచ్చాక మా అత్తగారు మొత్తం విని, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మీరు మొదటి బంతికి వడ్డించి వచ్చేశారు" అన్నారు. కోపం వచ్చింది కానీ మాట నిజం. మీ బండి దాకా నడిచి రాగలిగినవాడు ఎలాగో ఒకలా తింటాడు. లేవలేనివాళ్ళు, సిగ్గుపడి దూరంగా కూర్చున్నవాళ్ళు, మూట వదిలి రాలేనివాళ్ళు, వీళ్ళు కడబంతి. ఆ తర్వాత నాలుగేళ్ళుగా నెలకి రెండుసార్లు మేం వెళ్ళేది వాళ్ళను దృష్టిలో పెట్టుకునే. దెబ్బలు తిని నేర్చుకున్నదంతా మీకు వరసగా చెప్తాను.

మొదటి రెండు వారాలు: పొయ్యి వెలిగించకండి

ముందు మీ ఇంటికి అరగంట దూరంలో ఒక్క చోటు ఎంచుకోండి. వండింది వేడి తగ్గకముందే చేరాలి, మీరూ విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగాలి. మేం హైదరాబాద్‌లో, తార్నాకలో ఉంటాం. మెట్టుగూడ, ఆలుగడ్డబావి మీదుగా సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళ్తే మాకు దగ్గర. మెహిదీపట్నం వాళ్ళకి నాంపల్లి స్టేషన్ దగ్గర. మలక్‌పేట, చాదర్‌ఘాట్ వాళ్ళకి ఎంజీబీఎస్ బస్టాండు, అఫ్జల్‌గంజ్ వైపు. అంబర్‌పేట వాళ్ళకి కాచిగూడ స్టేషన్ ఉండనే ఉంది. పేరున్న చోటికే వెళ్ళాలని లేదు. మీ వీధి చివర ఫ్లైఓవర్ కింద ముగ్గురుంటే ఆ ముగ్గురితోనే మొదలుపెట్టొచ్చు.

ఎంచుకున్నాక ఖాళీ చేతులతో వెళ్ళి చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక మంగళవారం రాత్రి 8 గంటలకి, ఇంకోరోజు రాత్రి 10 గంటలకి. చాయ్ బండి దగ్గర నిలబడి ఒక చాయ్ తాగండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఎవరు ఏ పూట పంచుతారో చాయ్ బండి అన్నకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఇలా చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ళంతా ఒకటే రకం కారు. ఉస్మానియా, గాంధీ, నీలోఫర్ లాంటి ఆసుపత్రుల బయట ఉండేవాళ్ళలో చాలామంది రోగుల బంధువులు. జిల్లాల నుంచి వచ్చి, లోపల పేషెంటు ఉంటే బయట చాప పరుచుకున్నవాళ్ళు. వాళ్ళకి ఊళ్ళో ఇల్లుంది. అన్నం కంటే పొద్దున టిఫిను, వేడినీళ్ళు, పిల్లలకి పాలు ఎక్కువ అవసరం పడతాయి. ఇంకొందరు అడ్డా కూలీలు. పని దొరికిన రోజు హోటల్లో తింటారు, దొరకనిరోజు నీళ్ళు తాగి పడుకుంటారు. వర్షాకాలంలో వాళ్ళ సంగతి మరీ కష్టం. మూడో రకం, అసలు వెళ్ళడానికి ఇల్లే లేనివాళ్ళు: వయసు మళ్ళినవాళ్ళు, మతి స్థిమితం తప్పినవాళ్ళు, ఇంట్లోవాళ్ళు బయటికి గెంటేస్తే వచ్చినవాళ్ళు. మీరు ఎవరికోసం వండుతున్నారో తేల్చుకుంటే ఏం వండాలో, ఎన్నింటికి వెళ్ళాలో దానంతటదే తేలుతుంది.

రెండోది, ఎప్పుడు ఎవరూ రావట్లేదో చూడండి. మాకు కనిపించింది ఇది: గురువారం సాయిబాబా గుళ్ళ దగ్గర, శుక్రవారం దర్గాల దగ్గర, శనివారం ఆంజనేయస్వామి గుళ్ళ దగ్గర అన్నానికి కొదవ లేదు. ఆదివారం మధ్యాహ్నం పుట్టినరోజుల వాళ్ళు, పెళ్ళిరోజుల వాళ్ళు వస్తారు. రంజాన్ నెలలో సాయంత్రాలు కూడా ఫర్వాలేదు. జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం కేంద్రాల వల్ల మధ్యాహ్నం పూట కాళ్ళున్నవాడికి కడుపు నిండుతుంది. ఎవరూ రానిది సోమవారం, మంగళవారం రాత్రుళ్ళు, వాన పడుతున్న సాయంత్రాలు, పండగ మర్నాడు. మేం మంగళవారం రాత్రి ఎంచుకున్నాం. పిల్లలకి మర్నాడు స్కూలు ఉంటుంది కాబట్టి 9కల్లా ఇంట్లో ఉంటాం.

సొంతంగా మొదలుపెట్టే ముందు ఒకసారి ఇంకొకరి వడ్డనలో చెయ్యి వేయండి

పిల్లలున్న ఇంటికి ఇది తప్పనిసరి అంటాను. అమీర్‌పేటలోనో అఫ్జల్‌గంజ్‌లోనో గురుద్వారాకి ఒక ఆదివారం వెళ్ళండి. తలకి గుడ్డ కట్టుకుని, చెప్పులు విప్పి, లంగర్‌లో (అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) సేవ చేస్తామని అడగండి. రొట్టెలు పంచడం, నీళ్ళు పోయడం, పళ్ళేలు కడగడం, ఏదో ఒకటి ఇస్తారు. అక్కడ ధనికుడూ పేదవాడూ ఒకే వరసలో నేలమీద కూర్చుంటారు. ఎవరికి వడ్డిస్తున్నామన్న ఆలోచనే పిల్లలకి రాదు. మా అమ్మాయి వంగి వడ్డించడం నేర్చుకుంది అక్కడే.

దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ గారు 2012 నుంచి రోజూ భోజనం పెడుతున్నారు. అదే చోటు, అదే వేళ. రోజూ పెట్టే చోట తోపులాట తక్కువ ఉండటానికి కారణం అదే. రేపు కూడా వస్తుందని తెలిసినవాడు ఇవాళ లాక్కోడు. రాబిన్‌హుడ్ ఆర్మీ వాళ్ళు హైదరాబాద్‌లో కూడా ఉన్నారు. 2014లో ఢిల్లీలో మొదలైన వాలంటీర్ల బృందం అది. డబ్బు విరాళాలు తీసుకోరు, మీ సమయం అడుగుతారు. ఇలాంటివాళ్ళతో రెండు మూడు సార్లు తిరిగాక, మీకు సొంతంగా వండాలని లేకపోతే వాళ్ళతోనే ఉండిపోండి. అది తక్కువేం కాదు.

ఎంతమందికి? 20

మొదటిసారి 20 మందికి మించి వద్దు. మేం ఇప్పటికీ 40 దాటం. వందమందికి పెట్టాలనే ఆశ ఉంటే ఆ డబ్బు దాచుకుని ఐదుసార్లు వెళ్ళండి.

ఏం వండాలి

పులిహోర మీద నాకు కోపం లేదు. చింతపండు పులుపు వల్ల త్వరగా పాడవదు, చేత్తో తినొచ్చు, పొట్లం కట్టడం తేలిక. అందుకే అందరూ అదే తెస్తారు. కానీ పొద్దుటినుంచి ఖాళీ కడుపుతో ఉన్నవాడికి పులుపూ కారమూ మంట. పళ్ళు లేని ముసలివాళ్ళకి పల్లీలు అడ్డం. రాత్రిపూట వేడిగా, మెత్తగా, గొంతు దిగేది కావాలి. మేం పది రకాలు ప్రయత్నించి పెసరపప్పు కిచిడీ దగ్గర స్థిరపడ్డాం. హైదరాబాద్‌లో కిచిడీ అంటే తెలీనివాళ్ళు లేరు. తెలుగువాళ్ళకీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళకీ, బీహార్ నుంచి వచ్చిన కూలీలకీ అందరికీ అది ఇంటి తిండే. పక్కన ఖట్టా (పుల్లటి పులుసు) చేస్తే ఇంకా సంతోషం కానీ అది ఒలికిపోతుంది. కారులో సీట్లు పాడై మేం మానేశాం.

మనిషికి ఎంత? ఆ 5 రూపాయల భోజనానికి జీహెచ్ఎంసీ పెట్టిన కొలత 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, 15 గ్రాముల పచ్చడి. అంటే పళ్ళెంలో ఆరువందల గ్రాముల పైచిలుకు. నేనూ ఆ లెక్కే పెట్టుకున్నాను.

20 మందికి: బియ్యం 2 కిలోల 250 గ్రాములు, పెసరపప్పు 750 గ్రాములు, నీళ్ళు 10 లీటర్లు. కూరగాయలు ఒక కిలోన్నర (సొరకాయ, క్యారెట్, టమాటా, ఏది చవకైతే అది), నూనె 200 గ్రాములు, చివర్లో 100 గ్రాముల నెయ్యి. పసుపు, జీలకర్ర, అల్లం. పచ్చిమిర్చి సగానికి తగ్గించండి, మిరియాలు పొడి చేసి వేయండి. ఉప్పు మీ ఇంట్లో తినేదానికంటే కాస్త వెనకే ఉంచి, విడిగా ఉప్పు పొట్లం పట్టుకెళ్ళండి. 15 లీటర్ల గిన్నె కావాలి. ఇంట్లో లేకపోతే రెండు గిన్నెల్లో వండండి, లేదా టెంట్‌హౌస్‌లో అద్దెకి దొరుకుతుంది. కిచిడీ దించేటప్పుడు జారుగా ఉండాలి. దారిలో చిక్కబడుతుంది. ఇంట్లో సరిగ్గా ఉందనిపించిన కిచిడీ అక్కడికి వెళ్ళేసరికి ముద్దలా గరిటెకి అతుక్కుంటుంది, మేం చూశాం.

తోడుగా మనిషికొక కోడిగుడ్డు, ఒక అరటిపండు. గుడ్లు పెంకుతోనే పట్టుకెళ్ళండి, శుభ్రంగా ఉంటాయి. చేతులు వణికేవాళ్ళకి అక్కడే ఒలిచి ఇవ్వొచ్చు. వడ్డించేముందు అడగండి. కార్తీకమాసంలో, శనివారాల్లో గుడ్డు ముట్టనివాళ్ళు ఫుట్‌పాత్ మీద కూడా ఉంటారు. వాళ్ళకి రెండు అరటిపళ్ళు. ఎండాకాలమైతే గుడ్డు బదులు పల్చటి మజ్జిగ. పెరుగన్నం మాత్రం వద్దు, హైదరాబాద్ మే నెలలో గంటన్నరకే పులిసిపోతుంది.

మాకు మొత్తం మీద 20 మందికి 800 రూపాయల లోపే అవుతోంది. నెలకి రెండుసార్లంటే మా ఇంట్లో బయట తినే ఒక పూట ఖర్చు.

గడియారం వెనక నుంచి లెక్కపెట్టండి

చాలామంది ఉదయం 6కి వండి, పొట్లాలు కట్టి, స్నానాలు చేసి, పూజ చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకి పంచుతారు. మనం ఇంట్లో అలా తినం, వాళ్ళకీ పెట్టకూడదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. మనకి వాంతులైతే బాత్‌రూమ్ ఉంది, ఓఆర్ఎస్ ఉంది, చూసేవాళ్ళున్నారు. ఫుట్‌పాత్ మీద వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఎక్కడికి వెళ్తారు?

అందుకని నియమం ఒకటే: పొయ్యి దించిన రెండు గంటల్లోపల ఆఖరి పళ్ళెం వడ్డించేయాలి, ఆ రెండు గంటలూ వేడి 60 డిగ్రీల పైనే ఉండాలి. వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. మా లెక్క ఇది. సాయంత్రం 5కి బియ్యం కడిగి నానబెట్టడం. 6కి పొయ్యి మీద పెట్టడం. 6.50కి దించి, మూతకి గోధుమపిండి ముద్ద అంటించి, పాత రగ్గు చుట్టడం. 7.15కి బయల్దేరడం. 7.45కి మొదటి పళ్ళెం. 8.30కి అయిపోవాలి. మిగిలితే ఇంటికి తెచ్చి మేం తింటాం. మర్నాడు ఎవరికీ పెట్టం.

వండే మనిషికి జలుబో, విరేచనాలో, చేతికి చీము పట్టిన పుండో ఉంటే ఆ వారం వేరేవాళ్ళు వండాలి. మొహమాటపడకండి.

ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ తీసుకెళ్ళి పంచుదామా అని అడిగేవాళ్ళుంటారు. మిగులు ఆహారం పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో విడిగా నిబంధనలే పెట్టింది, అంటే అది అంత తేలిక పని కాదన్నమాట. ఎప్పుడు వండారో తెలీని బిర్యానీ రాత్రి 11కి తీసుకోకండి. మీరు తినని స్థితిలో ఉన్నది పెట్టకండి.

సామాను

అడ్డాకు విస్తళ్ళు (బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి), అంచులున్నవి తీసుకోండి, కిచిడీ జారిపోదు. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఎలాగూ వద్దు. ఒక హస్తం (వడ్డించే పెద్ద గరిటె), ఒక చిన్న గరిటె. 20 లీటర్ల నీళ్ళ క్యాను, స్టీలు జగ్గు, పేపరు గ్లాసులు. చేతులు కడుక్కోవడానికి వేరే బకెట్టు, సబ్బు. సబ్బు ఎందుకంటారేమో. మొదటిరోజు సబ్బు చూసి ఒకామె ముఖం, చేతులు, మెడ అంతా కడుక్కుని, ఆ తర్వాతే కూర్చుంది. లేచి రాలేనివాళ్ళ కోసం మూతున్న స్టీలు క్యారియర్ రెండు. టార్చిలైటు. పెద్ద చెత్త సంచులు రెండు. కారులో రిజర్వుగా రెండు బ్రెడ్ ప్యాకెట్లు.

ఇంట్లో రిహార్సల్

వెళ్ళే వారం ముందు ఒకరోజు ఇంట్లో అందరూ నేలమీద బంతిగా కూర్చోండి. పిల్లలు వడ్డించాలి. మన పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు చెప్పేవన్నీ ఇక్కడ పనికొస్తాయి: ఎడమచేత్తో వడ్డించకు, విస్తరి దాటకు, పైనుంచి పారేయకు, వంగి వెయ్యి, చాలు అన్నాక కూడా ఒకసారి అడుగు. మా అబ్బాయి మొదట నాలుగు అడుగుల ఎత్తునుంచి గరిటె వంచి తాతగారి లాల్చీ మీద పప్పు పోశాడు. అది ఇంట్లో జరిగింది కాబట్టి నవ్వుకున్నాం.

వయసుని బట్టి పని పంచండి. ఐదారేళ్ళ వాళ్ళు అరటిపళ్ళు ఇవ్వొచ్చు. ఎనిమిది పదేళ్ళ వాళ్ళు నీళ్ళు పోయొచ్చు. వేడి గిన్నె దగ్గరికి పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వకండి. అమ్మమ్మా తాతయ్యల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఏ పనీ చేయలేరు. ఒక మడతకుర్చీ వేసుకుని కూర్చుంటారు, అంతే. అందరికంటే ఎక్కువమంది ఆవిడ దగ్గరికే వచ్చి మాట్లాడతారు.

ఎలా పిలవాలో ముందే చెప్పండి. తాతా, అవ్వా, అన్నా, అక్కా, చాచా. "తిన్నరా అవ్వా?" అని అడగాలి. ఉర్దూ మాట్లాడేవాళ్ళని "ఖా లియే క్యా చాచా?" అనొచ్చు. "నక్కో" (వద్దు) అన్నారంటే నక్కోనే, రెండోసారి ఇంకొంచెం మెల్లిగా అడిగి వదిలేయాలి. పెట్టేది మనం కాబట్టి తీసుకుని తీరాలన్న పట్టుదల పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ.

మా అమ్మాయి ఒకసారి ఒకామెని "ఆంటీ, మీ ఇల్లెక్కడ?" అని అడిగేసింది. ఆమె రెండు సంచులూ, ఒక దుప్పటీ చూపించి "ఇదే" అంది. అప్పుడు మా అమ్మాయి నిలబడింది ఆ దుప్పటి అంచు మీద, చెప్పులతో. ఆ రోజునుంచి మా ఇంట్లో ఒక రూలు: దుప్పటి గడప లాంటిది. చెప్పులతో తొక్కకూడదు, అడగకుండా దాటకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ప్రశ్నలు వస్తాయి. "వాళ్ళకి ఇల్లెందుకు లేదు?" బాగా చదువుకోకపోతే నువ్వూ అంతే అని బెదిరించకండి, దయచేసి. తెలిసినంత నిజం చెప్పండి: కొందరికి జబ్బు, కొందరికి అప్పు, కొందరిని కన్నవాళ్ళే పంపేశారు, అద్దె కట్టేంత జీతం అందరికీ రాదు. రానంటున్న పిల్లల్ని లాక్కెళ్ళకండి. స్కూల్లో సర్టిఫికెట్ కోసం వస్తానంటే మాత్రం, మేం ఒక పిల్లాడికి చెప్పినట్టే చెప్పండి, నాలుగుసార్లు వచ్చాక చూద్దామని. వాడు నాలుగోసారి సర్టిఫికెట్ సంగతే ఎత్తలేదు.

అక్కడ

కారు వంద అడుగుల దూరంలో ఆపండి. డిక్కీ తెరిచి అక్కడే పంచడం మొదలుపెట్టారో, మా మొదటిరోజే మీకూ. పిల్లలు ఫుట్‌పాత్ వైపు తలుపు నుంచే దిగాలి. ఎవరి షట్టరు ముందు కూర్చోబెడతారో ఆ షాపతనికి ఒక మాట చెప్పండి. డ్యూటీలో కానిస్టేబుల్ ఉంటే ఆయనకీ చెప్పండి.

ముందు ఒక పెద్ద, ఒక పిల్ల ఖాళీగా ఒక చుట్టు తిరిగి మనుషుల్ని లెక్కపెట్టండి. మా హస్తం నిండా 200 గ్రాములు. 20 మంది ఉంటే మనిషికి మూడు. 27 మంది ఉంటే రెండున్నర కూడా రాదు, మొదటి నుంచే రెండు చొప్పున వేసి, మిగిలినది చివర్లో అడిగి వేస్తాం. మొదటి పదిమందికి నిండుగా పెట్టి ఆఖరివాళ్ళకి గిన్నె గీకి పెట్టడం కంటే అవమానం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. వరస కూర్చోబెట్టకముందే క్యారియర్లు రెండూ నింపుకుని ఇద్దరు చివరికి వెళ్ళండి. గోడవారన, మెట్ల కింద, బస్‌స్టాప్ వెనక. లేవలేనివాళ్ళకి, కళ్ళు కనిపించనివాళ్ళకి, కాలు లేనివాళ్ళకి ముందు అక్కడే పెట్టేయండి. ఆ తర్వాతే మిగిలినవాళ్ళని బంతిగా కూర్చోబెట్టండి. మొదట్లో ముందున్నవాళ్ళు గొడవపడ్డారు. ఇప్పుడు వాళ్ళే "ఆ పిల్లర్ వెనక కొత్తాయన ఉన్నడు, సూడున్రి" అని చెప్తున్నారు.

ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళండి, ముఖ్యంగా చీకట్లో. నిద్రపోతున్న మనిషిని తట్టి లేపకండి. రోడ్డు మీద నిద్రపోయేవాళ్ళని లేపేది ఎక్కువగా లాఠీయే, ఉలిక్కిపడతారు. దూరంనుంచి ఒకసారి పిలవండి, లేవకపోతే పక్కనున్నవాళ్ళకి రెండు అరటిపళ్ళు ఇచ్చి చెప్పండి. తెరిచిన విస్తరి తలగడ దగ్గర పెట్టి వెళ్తే కుక్కలూ ఎలుకలూ వస్తాయి. కొందరికి తోడు కుక్క ఉంటుంది. ముందు కుక్కకి రెండు బ్రెడ్ ముక్కలు పడితే మనతో స్నేహం.

ఫోటోలు వద్దు. వెనకనుంచి తీసినా, ముఖం బ్లర్ చేసినా వద్దు. ఇంట్లోంచి పారిపోయి వచ్చినవాళ్ళుంటారు, అప్పులవాళ్ళకి కనిపించకుండా తిరిగేవాళ్ళుంటారు. పిల్లల విషయంలోనైతే, రక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్ళు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్ నిషేధించింది. ఫోన్లన్నీ మా అత్తగారి సంచిలో ఉంటాయి, ఆవిడ ఇవ్వరు.

పేరు, ఊరు, ఆధార్ అడగకండి. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు నగరంలో భిక్షాటన నిషేధించి, రోడ్ల మీద ఉన్నవాళ్ళని బళ్ళలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి ఆశ్రమాలకి తరలించారు. కారులోంచి దిగి ప్రశ్నలు వేసేవాళ్ళంటే భయం ఉండటంలో వింతేం లేదు. మూడు నాలుగుసార్లు వెళ్ళాక వాళ్ళే చెప్తారు.

టెన్షన్ పెట్టే సందర్భాలు

తాగి ఉన్నవాళ్ళు వస్తారు. వాళ్ళకీ పెట్టండి, కాస్త పక్కన కూర్చోబెట్టి. గొడవ పెద్దదైతే పిల్లల్ని కారులోకి పంపి, గిన్నె మూత పెట్టి, ఆ రోజుకి ఆపేయండి. సగంలో ఆపి వచ్చినా తప్పు లేదు.

స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండండి. చాలా రోజులుగా ఏమీ తినలేదన్నవాళ్ళకి ఒక్కసారే మూడు గరిటెలు పెట్టకండి. కొంచెం పెట్టి, నీళ్ళిచ్చి, ఆగి మళ్ళీ అడగండి. ఒంటరిగా ఉన్న పిల్లలు కనిపిస్తే 1098. దిక్కులేని ముసలివాళ్ళ గురించి 14567.

ప్రతి లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్లు ఉన్నాయి, మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు. మీ చోటుకి దగ్గరలో ఏది ఉందో తెలుసుకుని, ఎవరికైనా చెప్పేముందు మీరు వెళ్ళి చూసి రండి. మేం చూడకుండా పంపిన ఒకాయన మర్నాడే వెనక్కి వచ్చేశారు. ఆయన మూట లోపలికి తీసుకురానివ్వలేదట. మూట వదిలి ఎలా పడుకుంటారు? ఆ ప్రశ్న మేం ముందే అడిగి ఉండాల్సింది.

అయిపోయాక

విస్తళ్ళు, గ్లాసులు, గుడ్డు పెంకులు, అరటి తొక్కలు అన్నీ సంచిలోకి ఎత్తండి. మీరు వదిలేసిన చెత్త తెల్లవారుజామున ఊడ్చేది ఒక కార్మికురాలు. షాపతను వచ్చి తిట్టేది అక్కడ పడుకున్నవాళ్ళని, మిమ్మల్ని కాదు. సంచి ఇంటికి తెచ్చి మర్నాడు స్వచ్ఛ ఆటోలో తడి, పొడి వేరుచేసి వేయండి.

"మళ్ళీ వస్తాం" అని ఊరికే అనకండి. తారీఖు చెప్పండి, లేదా ఏమీ చెప్పకండి. ఒకసారి మా వాడికి జ్వరం వచ్చి వెళ్ళలేకపోయాం. తర్వాత వెళ్తే అవ్వ ఒకావిడ ముఖం తిప్పుకుంది. "పోయిన మంగళారం తొమ్మిదింటి దాక కూసున్నం" అంది. ఆ రోజు వాళ్ళు 5 రూపాయల భోజనానికి కూడా వెళ్ళలేదు, రాత్రికి మేం వస్తాం కదా అని మధ్యాహ్నం పడుకున్నారట. అప్పటినుంచి మా వదినవాళ్ళ కుటుంబాన్ని కలుపుకున్నాం. మాకు కుదరకపోతే వాళ్ళు, వాళ్ళకి కుదరకపోతే మేం.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, మర్చిపోకముందే ఒక పుస్తకంలో రాసుకోండి. ఎంతమంది వచ్చారు, ఎంత మిగిలింది, ఎవరు ఏం అడిగారు. ఆ పుస్తకం రాసేది మా అమ్మాయి. పోయిన మంగళవారం పేజీ: "24 మంది. గుడ్లు తక్కువయ్యాయి. కిచిడీ మీద పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క కావాలట. పిల్లర్ దగ్గర తాతకి చెప్పులు, 8 నంబరు. చిట్టి అవ్వకి మిరియాలు వద్దు."